బస్తర్‌లో బంగారం వెతకవచ్చా? చట్టం చెబుతున్నదేమిటి, కొత్తవారికి ఉన్న దారులేమిటి

బస్తర్ నదుల ఇసుకలో బంగారు రేణువులు దొరుకుతాయి. ఆ ఇసుకను కడిగి రేణువులను వేరుచేసే నేర్పు కూడా అక్కడ తరతరాలుగా ఉంది. అయితే ఒక వ్యక్తి పళ్లెం చేతబట్టి నదిలోకి దిగి, చట్టబద్ధంగా బంగారం వెతుక్కోగల చోటు ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ప్రాంతంలో ఒక్కటి కూడా లేదు. సరదా కోసమైనా, జీవనోపాధి కోసమైనా బంగారం వెతికే వ్యక్తులకు చిన్నపాటి అనుమతి పత్రం జారీచేసే విధానం భారతదేశంలో అమల్లో లేకపోవడమే దీనికి కారణం. ఈ నేపథ్యంలో బంగారం ఎక్కడ ఉంది, చట్టం దేనిని నిషేధిస్తోంది, ఆసక్తి ఉన్నవారికి మిగిలిన దారులేమిటి అన్న అంశాల వివరాలివి.

బంగారం ఎక్కడ ఉంది

బస్తర్ డివిజన్‌లో కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే 7 జిల్లాలున్నాయి. దక్షిణాన ఈ ప్రాంతం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను ఆనుకొని ఉంది. ఇక్కడి ఇంద్రావతి, శబరి నదులు రెండూ చివరికి గోదావరిలో కలుస్తాయి.

బంగారానికి సంబంధించి బస్తర్‌లో తరచూ వినిపించే పేరు కోట్రి నది. ఇది కాంకేర్ జిల్లా గుండా ప్రవహించి ఇంద్రావతిలో చేరుతుంది. ఇదే జిల్లాలోని సోనాదేహి ప్రాంతంలో శిలల్లో సైతం బంగారం జాడలను భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు. రాష్ట్ర ఉత్తర భాగంలోని జశ్‌పూర్ జిల్లాలో ఈబ్ నది ఇసుకకు కూడా ఇదే ప్రసిద్ధి ఉంది.

నదిలోకి బంగారం చేరే తీరు సులభంగానే అర్థమవుతుంది. అతి ప్రాచీన శిలల్లోని తెల్లరాతి చారల్లో సూక్ష్మంగా ఉన్న బంగారం, ఆ రాళ్లు ఎండకు, వానకు శిథిలమైనప్పుడు విడివడుతుంది. వర్షాకాలపు వరద దానిని వాగుల్లోకి, వాగులు నదుల్లోకి చేరుస్తాయి. బంగారం నీటికంటే 19 రెట్లకు పైగా బరువైనది. మామూలు ఇసుక నీటికంటే రెండున్నర రెట్లు మాత్రమే బరువు. అందువల్ల ప్రవాహ వేగం తగ్గే చోట్ల, అంటే నది వంపుల లోపలి ఒడ్డున, పెద్ద బండల వెనుక, నదీగర్భంలోని రాతి పగుళ్లలో బంగారం ముందుగా అడుగుకు దిగుతుంది. దానితోపాటు ఇనుప ఖనిజం కలిసిన నల్ల ఇసుక కూడా పేరుకుంటుంది.

పళ్లెంలో ఇసుక వేసి నీటిలో గుండ్రంగా తిప్పితే తేలికైన రేణువులు కొట్టుకుపోయి నల్ల ఇసుక, దాని అడుగున బంగారం మిగలడం వెనుక ఉన్న సూత్రం ఈ బరువు తేడాయే. మెరిసే ప్రతి రేణువూ బంగారం కాదు. కాకిబంగారంగా పిలిచే అభ్రకపు రేకులు నీటిలో తేలిపోతాయి, గోటితో గీరితే పొరలుగా ఊడతాయి. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ పసుపు రంగులో మెరిసినా సుత్తితో కొడితే పొడి అవుతుంది. అసలైన బంగారం దెబ్బకు పగలదు, రేకులా సాగుతుంది.

ఇసుక కడిగే సోన్‌ఝరాలు

మధ్య భారతంలో ఈ పనినే కులవృత్తిగా చేసుకున్నవారు సోన్‌ఝరాలు. సోనా అంటే బంగారం. ఇసుకను దులిపి, కడిగి వేరుచేసే పనిని సూచించే మాట దానికి జతై ఈ పేరు వచ్చింది. ఆర్.వి. రసెల్, హీరాలాల్ 1916లో ప్రచురించిన మధ్య పరగణాల కులాలు, తెగల గ్రంథంలో వీరిపై ప్రత్యేక వ్యాసం ఉంది. సంబల్‌పూర్, మండ్లా, బాలాఘాట్ ప్రాంతాల్లోను, ఛోటా నాగ్‌పూర్ సంస్థానాల్లోను వీరు నదీగర్భాల్లో బంగారం కడిగేవారని అందులో నమోదైంది. కోట్రి తీరంలోనూ ఇసుక కడిగే సోన్‌ఝరా కుటుంబాలు ఉన్నాయి.

వీరి పరికరాలు చాలా పరిమితం. మధ్యలో గుంట తీసిన చెక్క పళ్లెం, ఇసుక తోడే చిన్న పార, చూపు, చేతివాటం. యంత్రాల ప్రమేయం లేదు. రోజంతా కడిగినా దొరికేది రవ్వంత, కొన్ని రోజులు అదీ దొరకదు. వారు చేస్తున్న పని చట్టం పుట్టడానికి ఎంతో ముందునుంచే ఉన్నప్పటికీ, నేటి చట్టంలో దానికి ప్రత్యేకమైన పేరుగానీ, అనుమతిగానీ లేవు. పలుచోట్ల అధికారులు చూసీచూడనట్లు ఊరుకోవడం వల్ల అది సాగవచ్చు. ఊరుకోవడం వేరు, హక్కు ఉండటం వేరు.

చట్టం చెబుతున్నది

ఈ విషయంలో ప్రధానమైనది గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం, 1957. దీని మొదటి షెడ్యూలులోని సి భాగంలో బంగారం ఉంది. ప్రాథమిక పరిశీలన, అన్వేషణ, తవ్వకం ఏదైనా సరే, తగిన అనుమతి లేదా లైసెన్సు లేదా లీజు లేకుండా ఎవరూ చేపట్టరాదని 4వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. ఖనిజ నిక్షేపాలను వెతకడానికి, వాటి స్థానాన్ని గుర్తించడానికి, నిర్ధారించుకోవడానికి చేసే ఏ పని అయినా అన్వేషణ కిందికే వస్తుందని 3వ సెక్షన్ నిర్వచించింది. ఇంత పరిమాణం లోపు అయితే ఫర్వాలేదన్న మినహాయింపు ఏదీ అందులో లేదు. కాబట్టి ఒక్క పళ్లెం ఇసుకను కడిగి చూడటం కూడా ఈ నిర్వచనం పరిధిలోకి రాదని చెప్పడానికి వీలులేదు.

ఉల్లంఘనకు 21వ సెక్షన్ కింద గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు శిక్ష, హెక్టారుకు రూ.5 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. పరికరాలను, వాహనాలను స్వాధీనం చేసుకోవచ్చు. తీసిన ఖనిజాన్ని, అది అప్పటికే అమ్ముడైతే దాని విలువను రాబట్టవచ్చు. అధీకృత అధికారి రాతపూర్వక ఫిర్యాదు ఉంటేనే న్యాయస్థానం ఈ చట్టం కింద కేసును విచారణకు స్వీకరిస్తుంది. నిర్ణీత మొత్తం చెల్లించి రాజీ చేసుకునే వెసులుబాటు కూడా ఉంది. అయితే నదిలోని ఇసుకను అనుమతి లేకుండా తీసుకుపోతే ఈ చట్టంతోపాటు దొంగతనం నేరం కింద కూడా విచారించవచ్చని సుప్రీంకోర్టు 2014లో ఢిల్లీ ప్రభుత్వం, సంజయ్ మధ్య కేసులో తీర్పు చెప్పింది.

సొంత పొలంలో తవ్వుకోవచ్చా అన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. ఛత్తీస్‌గఢ్‌లో అమల్లో ఉన్న 1959 నాటి భూమి శిస్తు స్మృతి 247వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ మంజూరులో వేరుగా పేర్కొంటే తప్ప, ఖనిజాలపై హక్కు రాష్ట్ర ప్రభుత్వానిదే. పట్టా ఉన్న రైతుకు పైరుపై ఉండే హక్కు, భూమిలోని బంగారంపై ఉండదు.

పాతిపెట్టిన బంగారం సంగతి వేరు. నాణేలు, నగల వంటివి భూమిలో దొరికితే వాటికి 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. వాటి విలువ రూ.10 దాటితే కలెక్టరుకు తెలియజేయడం తప్పనిసరి.

అడవి, అభయారణ్యం

బస్తర్‌లో నదీతీరాలు చాలావరకు అడవుల మధ్య ఉండటంతో మరో చట్టం తోడవుతుంది. 1927 నాటి భారత అటవీ చట్టం అడవిలో దొరికే రాళ్లను, ఖనిజాలను కూడా అటవీ ఉత్పత్తిగానే పరిగణిస్తుంది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా వాటిని సేకరించడం నేరం. జగ్‌దల్‌పూర్ సమీపంలోని కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం, బీజాపూర్ జిల్లాలోని ఇంద్రావతి పులుల అభయారణ్యం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలో ఉన్నాయి. అక్కడ నిబంధనలు మరింత కఠినం.

అటవీ హక్కుల చట్టం, 2006 ఈ లోటును తీర్చిందా అంటే, లేదనే చెప్పాలి. ఆ చట్టం గిరిజనులకు, సంప్రదాయ అటవీ నివాసులకు చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై హక్కు కల్పించింది. కానీ ఆ ఉత్పత్తులు మొక్కలనుంచి వచ్చినవై ఉండాలని 2వ సెక్షన్ నిర్దేశించింది. తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు ఆ జాబితాలో ఉంటాయి. బంగారం ఉండదు. శిక్ష వేసే చట్టం ఖనిజాన్ని అటవీ ఉత్పత్తిగా లెక్కిస్తుండగా, హక్కు ఇచ్చే చట్టం దానిని లెక్కలోకి తీసుకోకపోవడం గమనించదగిన విషయం.

గ్రామసభ పాత్ర

బస్తర్ రాజ్యాంగంలోని 5వ షెడ్యూలు వర్తించే ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం, ఇలాంటి ప్రాంతాల్లో చిన్న తరహా ఖనిజాలకు లైసెన్సు లేదా లీజు ఇచ్చేముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. ఇసుక, కంకర, మట్టి వంటివి చిన్న తరహా ఖనిజాలు. బంగారం వాటిలో లేదు. కేంద్రం 2015 ఫిబ్రవరిలో మరో 31 ఖనిజాలను ఈ వర్గంలో చేర్చినప్పుడు కూడా బంగారాన్ని చేర్చలేదు. అందువల్ల గ్రామసభ అనుమతి ఇచ్చినంత మాత్రాన బయటి వ్యక్తి నదిలో బంగారం వెతకడం చట్టబద్ధం కాదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ సమతా తీర్పు గుర్తుకు రావడం సహజం. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997 జులైలో ఆ కేసులో తేల్చింది. ఆ తీర్పుకు ఆధారం ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు నిబంధనలు. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాలో ఉన్న బాల్కో సంస్థ పెట్టుబడుల ఉపసంహరణ కేసులో, 2001 డిసెంబరులో సుప్రీంకోర్టు సమతా తీర్పుపై సందేహాలు వ్యక్తం చేసింది. మధ్యప్రదేశ్ భూమి చట్టం వేరని, అందులో అలాంటి సంపూర్ణ నిషేధం లేదని పేర్కొంది. కాబట్టి గోదావరికి ఇటువైపు ఉన్న రక్షణ అదే రూపంలో అటువైపు ఉందని భావించరాదు.

ఒకప్పుడు దరఖాస్తు, ఇప్పుడు వేలం

2015కు ముందు అన్వేషణ లైసెన్సులకు దరఖాస్తు చేసుకునే పద్ధతి ఉండేది. ముందుగా దరఖాస్తు చేసినవారికి ప్రాధాన్యం దక్కేది. ఆ ఏడాది చట్టసవరణతో ప్రధాన ఖనిజాలకు వేలం విధానం వచ్చింది. ఆ సవరణే ప్రవేశపెట్టిన, ఎవరికీ ప్రత్యేక హక్కు ఇవ్వని ప్రాథమిక పరిశీలన అనుమతిని 2021 సవరణ తొలగించింది.

2023 సవరణ అన్వేషణ లైసెన్సు అనే కొత్త వర్గాన్ని తెచ్చింది. బంగారంతో సహా 29 ఖనిజాలకు ఇది వర్తిస్తుంది. వేలంలో గెలుచుకున్నవారు 1,000 చదరపు కిలోమీటర్ల వరకు విస్తీర్ణంలో 5 ఏళ్లపాటు అన్వేషించవచ్చు. మరో 2 ఏళ్ల పొడిగింపుకు అవకాశం ఉంది. వారు కనుగొన్న నిక్షేపం తర్వాత లీజుకు పోతే, లీజుదారు వేలం కింద చెల్లించే మొత్తంలో వారికి వాటా దక్కుతుంది. చట్టం ప్రకారం భారత పౌరుడు వ్యక్తిగతంగా కూడా వేలంలో పాల్గొనవచ్చు. అయితే ఆర్థిక అర్హతలు, పూచీకత్తులు, సర్వే ఖర్చులు చూస్తే ఇది కంపెనీల కోసం ఏర్పరచిన దారి అని అర్థమవుతుంది.

దేశంలో తొలి బంగారు గని వేలం జరిగింది కూడా ఛత్తీస్‌గఢ్‌లోనే. బలోదాబాజార్ జిల్లా సోనాఖాన్ ప్రాంతంలోని బాఘ్‌మారా బ్లాకును 2016 ఫిబ్రవరిలో వేదాంత సంస్థ దక్కించుకుంది. దాని విస్తీర్ణం సుమారు 608 హెక్టార్లు. సోనాఖాన్ అంటేనే బంగారు గని. 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో బ్రిటిష్ వారు ఉరితీసిన వీర నారాయణ్ సింగ్ జమీందారీ ఇదే.

తగరం చూపిన మార్గం

చిన్న చేతులకు చట్టంలో చోటు కల్పించడం అసాధ్యమేమీ కాదనడానికి బస్తర్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. దంతెవాడ, సుక్మా జిల్లాల్లో తగరపు ఖనిజం లభిస్తుంది. స్థానిక గిరిజనులు మట్టిని తవ్వి, నీటిలో కడిగి వేరుచేసిన ఆ ఖనిజాన్ని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి సంస్థ కొనుగోలు చేస్తుంది. కడిగే పద్ధతి బంగారానికి వాడేదే. తగరపు ఖనిజం నీటికంటే దాదాపు 7 రెట్లు బరువైనది కావడంతో పళ్లెం అడుగున నిలుస్తుంది. సేకరించేవారికి లైసెన్సు వేలంలో పోటీపడే అవసరం లేదు. ఈ ఏర్పాటు స్థానిక గిరిజనుల కోసం ఉద్దేశించినది. బయటినుంచి వచ్చేవారికి వర్తించదు. బంగారానికి మాత్రం ఇలాంటి కొనుగోలు ఏర్పాటు లేదు.

మధ్యప్రదేశ్‌లోని పన్నా మరో ఉదాహరణ. అక్కడ వజ్రాల కోసం 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల చిన్న స్థలాన్ని ఏడాదికి రూ.200 రుసుముతో సామాన్యులు పట్టాకు తీసుకోవచ్చు. దొరికిన వజ్రాన్ని ప్రభుత్వ వజ్రాల కార్యాలయంలో అప్పగించాలి. వేలం తర్వాత రాయల్టీ, పన్నులు మినహాయించి మిగతా సొమ్మును తవ్వినవారికి చెల్లిస్తారు. దేశంలో కొత్తవారు చట్టబద్ధంగా అదృష్టాన్ని పరీక్షించుకోగల చోటు ఇది. అయితే వెతికేది వజ్రం, బంగారం కాదు. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి వానల తర్వాత జనం సాగించే వజ్రాల వేటకు ఇలాంటి పట్టా ఏదీ లేదు. అది ఆనవాయితీ మాత్రమే.

విదేశాల్లో పరిస్థితి

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మైనర్స్ రైట్ అనే పత్రాన్ని స్వల్ప రుసుముతో పొందవచ్చు. దాని గడువు 10 ఏళ్లు. అది ఉన్నవారు అనుమతించిన ప్రభుత్వ భూముల్లో చేతి పనిముట్లతో బంగారం వెతకవచ్చు. దొరికింది వారిదే. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన మెల్‌బోర్న్‌కు బల్లారట్, బెండిగో వంటి పాత బంగారు పట్టణాలు దగ్గరలోనే ఉన్నాయి. న్యూజిలాండ్‌లో ప్రజల కోసం కేటాయించిన నదీతీరాల్లో యంత్రాలు వాడకుండా, అనుమతి పత్రం లేకుండానే ఇసుక కడుక్కోవచ్చు. ఈ రెండు చోట్లా చట్టం స్థలాన్ని, పనిముట్లను పరిమితం చేసి వ్యక్తికి అవకాశం ఇచ్చింది. భారతదేశంలో ఆ మధ్యస్థ మార్గం లేదు.

కొత్తవారు చేయగలిగినవి

చట్టాన్ని దాటకుండా ఈ రంగంలో అడుగుపెట్టాలనుకునేవారికి కొన్ని మార్గాలున్నాయి.

మొదటిది, అధ్యయనం. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ భూకోశ్ పోర్టల్‌లో భూగర్భ పటాలను, నివేదికలను అందుబాటులో ఉంచింది. జాతీయ భూగర్భ సమాచార నిధి పోర్టల్ 2023 డిసెంబరులో ప్రారంభమైంది. కోట్రి పరీవాహక ప్రాంతపు శిలల స్వభావాన్ని ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు.

రెండోది, శిక్షణ, ఉద్యోగం. భూగర్భ సర్వేక్షణ సంస్థకు హైదరాబాద్‌లోని బండ్లగూడలో శిక్షణ సంస్థ ఉంది. 2021 సవరణ తర్వాత గుర్తింపు పొందిన ప్రైవేటు సంస్థలకు సైతం అన్వేషణ చేపట్టే అవకాశం కలిగింది. భూగర్భ శాస్త్రం చదివినవారు అలాంటి సంస్థల బృందంలో సభ్యులుగా నదిలో దిగితే ఆ పని పూర్తిగా చట్టబద్ధం.

మూడోది, చూడటం. ఇసుక కడిగే పనిని ఒడ్డున నిలబడి గమనించడాన్ని గనుల చట్టం నిషేధించలేదు. అయితే అడవిలోకి ప్రవేశించడానికి అటవీ శాఖ అనుమతి అవసరమైన చోట తప్పక తీసుకోవాలి. ఏ స్థలం ఎవరి అధీనంలో ఉందో జిల్లా కలెక్టరేట్‌లోని ఖనిజ శాఖ కార్యాలయంలో ముందుగా విచారించాలి. ఇసుక కడిగేవారి నుంచి బంగారం కొనే ముందు కూడా జాగ్రత్త అవసరం. చట్టవిరుద్ధంగా తీసిన ఖనిజాన్ని రవాణా చేయడం, నిల్వ ఉంచడం 4వ సెక్షన్ ప్రకారం వేరే నేరాలు.

సన్నని రేణువులను కూడగట్టడానికి పాదరసం వాడవచ్చన్న సలహాను ఎక్కడ విన్నా పాటించరాదు. పాదరసపు ఆవిరి నాడీ వ్యవస్థను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నీటిలో కలిసిన పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరుతుంది. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు ఉద్దేశించిన మినమాతా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది.

మొత్తం మీద, బస్తర్ బంగారం విషయంలో సందర్శకుడు కోల్పోయేది ఒక సరదా మాత్రమే. చట్టానికి బయట నిలిచిపోయిన సోన్‌ఝరా కుటుంబానికి అది జీవనాధారం. 1,000 చదరపు కిలోమీటర్లను అన్వేషించేవారికి లైసెన్సు ఉంది. తగరం కడిగే గిరిజనుడికి ప్రభుత్వ కొనుగోలు ఏర్పాటు ఉంది. చెక్క పళ్లెంతో బంగారం కడిగేవారికి ఈ రెండింటిలో ఏదీ వర్తించదు. బంగారం ప్రధాన ఖనిజాల జాబితాలో ఉన్నంతకాలం ఆ ఖాళీని పూరించగలిగేది కేంద్ర చట్టమే తప్ప గ్రామసభ తీర్మానం కాదు.